ప్రతిపక్ష నాయకుని జాతకం

ఉగాదినాడు పొద్దున వేపపూత పచ్చడి నాలుక మీద వేసుకుని, సాయంత్రం పంచాంగ శ్రవణానికి కూర్చోవడం మన ఆచారం. ఊరు మారినా, భాష మారిన వీధిలో కాపురం పెట్టినా, మన కుటుంబాలు ఈ ఆచారాన్ని విడిచిపెట్టలేదు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుతుంటే, నమ్మేవారు నమ్మకంతోను, నమ్మనివారు చిరునవ్వుతోను, మొత్తానికి అందరూ చెవి ఒగ్గి వింటారు.

మనకు ఇటువంటి శ్రవణమే మరొకటి ఉన్నది. ఎన్నికలు దగ్గరపడినప్పుడు నలుగురు తెలుగువారు ఒకచోట చేరితే జరిగేది అది. ఫలానా ప్రతిపక్ష నాయకుడు ఈసారి గెలుస్తాడా, గెలవడా? సభలకు జనం వస్తున్నారు గదా, ఓట్లు వేస్తారా? బెంగళూరులో ఉన్న మనలో చాలామందికి అక్కడ ఓటు లేదు. పొలమో, ఇల్లో, తల్లిదండ్రులో మాత్రం ఉన్నారు. కాబట్టి చర్చలో వేడికి లోటు లేదు. ఒక్కొక్కప్పుడు ఆ వేడి హద్దు మీరి, బావగారు బావమరిదితో నెల రోజులు మాటలు మానుకోవడం కూడా కద్దు.

ఇట్టి చర్చలలో కెల్లా పెద్దది, తెలుగునాట ఇంటింటా జరిగినది, దేశమంతా చెవి ఒగ్గి విన్నది 1955లో జరిగినది. ఆనాటి ప్రశ్న ఒక్కటే: ఆంధ్ర రాష్ట్రంలో కమ్యూనిస్టులు గెలుస్తారా, పుచ్చలపల్లి సుందరయ్యగారు ముఖ్యమంత్రి అవుతారా? ఆ కథను ఈ ఉగాది సంచికలో ఒకసారి నెమరు వేసుకోవాలని మా ఉద్దేశం. ఏ పార్టీని పొగడడానికీ కాదు, తెగడడానికీ కాదు. ఎన్నికల జోస్యం ఎందుకు తప్పుతుందో, తప్పినప్పుడు ఎవరికి ఏమి నష్టమో తెలుసుకోవడానికి అంతకంటె మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

ఒక్క ఓటుతో పడిన మంత్రివర్గం

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ జిల్లాలలోని 140 స్థానాలలో కాంగ్రెసుకు 40 వస్తే కమ్యూనిస్టులకు 41 వచ్చినవి. తెలంగాణా సాయుధ పోరాటాన్ని విరమించి అప్పటికి కొద్ది మాసాలే అయినది. నాయకులలో కొందరు జైళ్ళలో ఉన్నారు. అయినా ఫలితం అది. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డిగారు నిర్బంధంలో ఉండే పోటీ చేసి, స్వయాన బావగారైన నీలం సంజీవరెడ్డిగారిని ఓడించారు. మద్రాసు శాసనసభ మొత్తంమీద కూడా కాంగ్రెసుకు ఆధిక్యం రాలేదు. 375 స్థానాలలో 152 మాత్రమే దక్కినవి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి నాయకత్వాన ప్రతిపక్షాలు ఒక కూటమిగా ఏర్పడి, ప్రభుత్వం మాకే ఇవ్వవలెనన్నవి. గవర్నరు శ్రీప్రకాశగారు మాత్రం రాజాజీని పిలిచారు.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించినది. మన బెంగళూరు వారికి ఆ తేదీ మరొక విధంగా కూడా గుర్తుండవలసినది. ఆ రోజుననే బళ్ళారి జిల్లా చీలిపోయినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళగా, బళ్ళారితో సహా ఏడు తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వచ్చినవి. ఆనాటినుంచి బళ్ళారి తెలుగువారు కూడా మనవలెనే ఆంధ్ర ఎన్నికలను గట్టున నిలబడి చూసేవారైనారు.

కాంగ్రెసు మద్దతుతో ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి అయినారు. సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం మీద వివాదం ముదిరినది. నిషేధం వల్ల బతుకుతెరువు పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్నగారు ఉద్యమం నడిపారు. నిషేధాన్ని ఎత్తివేయవలెనని ప్రభుత్వం నియమించిన రామమూర్తి సంఘమే సిఫారసు చేసినది. ప్రభుత్వం దానిని అమలు జరుపలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం వోటుకు వచ్చినది. తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. ఒక్క ఓటుతో మంత్రివర్గం పడిపోయినది. రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలని నిర్ణయించారు.

గెలుస్తారన్న వాదం

కమ్యూనిస్టులు గెలుస్తారన్నవారు గాలిలో మాట్లాడలేదు. వారి చేతిలో లెక్క ఉన్నది. 1952లోనే కాంగ్రెసు కంటె ఒక స్థానం ఎక్కువ. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఊరూరా కార్యకర్తలున్న పార్టీ అది. విజయవాడనుంచి 'విశాలాంధ్ర' దినపత్రిక వెలువడుతున్నది. ప్రజానాట్యమండలి కళాకారులు బుర్రకథ చెప్పితే, జనం తెల్లవారేదాకా కదలరు. కవులలో శ్రీశ్రీ అంతటివాడు స్వయంగా ఊళ్ళు తిరిగి ప్రచారం చేశారు. ఎదుటి పక్షం సంగతి చూస్తే, ఏడాది పాలనలో కలహాలు తప్ప ఏమీ కనిపించలేదని జనం విసిగి ఉన్నారు.

పైగా నాయకుడు. సుందరయ్యగారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరు చివరి కులపదాన్ని తామే తీసివేసుకున్నారు. పార్టీకి అంకితమైన జీవితానికి సంతానం ఆటంకమని భార్యాభర్తలిద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆయన సైకిలు మీద చట్టసభకు వెళ్ళడం తెలుగునాట కథగా చెప్పుకునేవారు. 1952నుంచి రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడుగా ఉన్న మనిషి, ఆ పదవి విడిచి కృష్ణా జిల్లా గన్నవరంనుంచి రాష్ట్ర శాసనసభకు పోటీ చేశారు. ఢిల్లీలో ఉన్న నాయకుడు కర్నూలుకు ఎందుకు వస్తున్నాడు? ముఖ్యమంత్రి పీఠం కోసమేనని జనం అనుకోవడంలో వింత ఏమున్నది? ఆ పార్టీ కూడా గెలుపు తథ్యమన్న ధోరణిలోనే 169 మంది అభ్యర్థులను నిలబెట్టినది. నియోజకవర్గాల పునర్విభజనతో శాసనసభ స్థానాలు 196కు పెరిగినవి.

గెలవరన్న వాదం

గెలవరన్నవారి వాదం అప్పటికి బలహీనంగా వినిపించినా, దానిలో మూడు అంశాలున్నవి.

మొదటిది భూమి. భూపంపకం మాట వినగానే పాలేరుకు ఆశ పుట్టినట్లే, పదెకరాల రైతుకు భయం పుట్టినది. కృష్ణా, గుంటూరు మాగాణి ప్రాంతాలలో ఆ పార్టీకి అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి ఆదుకున్న రైతు కుటుంబాలే ఇప్పుడు తమ గట్టు సంగతి ఆలోచించుకోసాగినవి. కులాల పొత్తు, పోటీ కూడా ఇందులో పాలు పంచుకున్నవి. సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ రచయిత 1956లో దీనిమీదనే పేరుపొందిన వ్యాసమొకటి రాశారు.

రెండవది రాజధాని. రాజధాని విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండవలెనని కమ్యూనిస్టులు వాదించారు. రాయలసీమకు 1937 శ్రీబాగ్ ఒడంబడిక గుర్తున్నది. కర్నూలును తమకు కాకుండా చేయబోయినవారికి సీమలో ఓట్లు సులభంగా ఎట్లా పడతవి?

మూడవది ఢిల్లీ, మాస్కో. 1955 జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెసు మహాసభ జరిగి, సోషలిస్టు తరహా సమాజం మా లక్ష్యమని తీర్మానించినది. ప్రతిపక్షం చెప్పే మాటను పాలకపక్షమే అందుకుంటే, ప్రతిపక్షానికి మిగిలేది ఏమిటి? అదే నెలలో సోవియట్ పత్రిక 'ప్రావ్దా' నెహ్రూగారి శాంతి విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసినది. కాంగ్రెసువారు దానిని తర్జుమా చేయించి ఊరూరా పంచిపెట్టారు. మాస్కో మెచ్చిన నెహ్రూను ఇక్కడి కమ్యూనిస్టులు ఎందుకు కాదంటారని అడిగారు. కార్యకర్తలకు జవాబు చెప్పడం కష్టమైనది. మద్రాసునుంచి వచ్చే 'ఆంధ్రప్రభ'లో నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకీయాలు పిడుగులవలె పడుతుండేవి.

గ్రహశాంతి

ఇవన్నీ ఉన్నా, అసలు మలుపు మరొకటి. జాతకంలో దోషమున్నదని సిద్ధాంతి చెప్పితే మనవారు చేతులు కట్టుకుని కూర్చోరు. శాంతి చేయిస్తారు. కమ్యూనిస్టులు గెలుస్తారన్న జోస్యం ఎంత గట్టిగా వినిపించినదో, అంత గట్టిగా కాంగ్రెసువారు శాంతికి పూనుకున్నారు. బొంబాయినుంచి ఎస్. కె. పాటిల్‌గారు వచ్చి ఎన్నికల ఏర్పాట్లు చేతికి తీసుకున్నారు. నిన్నటిదాకా కాంగ్రెసుతో తగవులాడిన ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ కాంగ్రెసుతో కలిసి ఐక్య సంఘటనగా ఏర్పడినవి. సీట్లు పంచుకున్నారు. ఒక్కొక్క చోట కమ్యూనిస్టుకు ఎదురుగా ఒక్క అభ్యర్థినే నిలపవలెనన్నది వారి కట్టుబాటు. మంత్రివర్గం పడిపోవడానికి కారణమైన వివాదంలో చెరొకవైపు నిలిచినవారే, మూడు నెలలు తిరక్కుండా ఒకే వేదిక మీద కూర్చున్నారు.

ఫలితాలు ఇట్లా వచ్చినవి. కాంగ్రెసు 119, కృషికార్ లోక్ పార్టీ 22, ప్రజాపార్టీ 5. మూడు కలిపి 146. ప్రజా సోషలిస్టులు 13, స్వతంత్రులు 22. కమ్యూనిస్టులు 15. సుందరయ్యగారు గన్నవరంలో గెలిచారు గాని, ఆయన వెనుక నిలిచిన వారు పిడికెడు మంది. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఓట్ల లెక్క, సీట్ల లెక్క

కథ ఇక్కడితో ఆగితే, జనం కమ్యూనిస్టులను తిప్పికొట్టారని చెప్పి ముగించవచ్చు. ఆనాడు చాలామంది అట్లాగే చెప్పారు. ఓట్ల పట్టిక తెరిస్తే మరొక కథ కనిపిస్తుంది. పదిహేను స్థానాలు వచ్చిన ఆ పార్టీకి పడిన ఓట్లు నూటికి 31. అంటే దాదాపు 27 లక్షలు. నూటికి 31 ఓట్లకు 196 స్థానాలలో లెక్క ప్రకారం అరవై దాకా రావలె. వచ్చినవి నూటికి ఎనిమిది వంతులైనా కావు. ఎక్కువ చోట్ల పోటీ చేసినందున కూడా కావచ్చు గాని, 1952 కంటె ఓట్లు పెరిగినవి, స్థానాలు తరిగినవి.

ఇది ఎట్లా సాధ్యమని పిల్లలు అడిగితే ఇట్లా చెప్పవచ్చు. ఒక నియోజకవర్గంలో వంద మంది ఓటర్లు. నలుగురు పోటీ చేస్తే ఒకరికి 35, ఒకరికి 30, ఒకరికి 20, ఒకరికి 15 వచ్చినవి. 35 వచ్చినవాడే గెలిచాడు, 65 మంది వద్దన్నా. రెండవసారి అతనికి 40 వచ్చినవి, బలం పెరిగినదన్నమాటే. కాని మిగతా ముగ్గురూ కలిసి ఒక్కరినే నిలిపారు. అతనికి 60. మనవాడు బలం పెరిగి ఓడిపోయాడు. 1952లో చీలిక వల్ల కమ్యూనిస్టులకు కలిసివచ్చినది 1955లో కలయిక వల్ల కాంగ్రెసుకు కలిసివచ్చినది. 41 స్థానాలు చూసి ఉప్పొంగినవారూ, 15 స్థానాలు చూసి పని అయిపోయిందన్నవారూ చేసిన పొరపాటు ఒక్కటే. ఇద్దరూ సీట్లను చూశారు, ఓట్లను చూడలేదు.

రెండేళ్ళ తరువాత కేరళలో ఈ సంగతి తిరగబడి రుజువైనది. 1957లో అక్కడ కాంగ్రెసుకు నూటికి దాదాపు 38 ఓట్లు, కమ్యూనిస్టులకు 35 పడినవి. కాని 126 స్థానాలలో కాంగ్రెసుకు వచ్చినవి 43, కమ్యూనిస్టులకు 60. అక్కడ కాంగ్రెసు, ప్రజా సోషలిస్టులు వేరువేరుగా పోటీ చేశారు. ఏప్రిల్ 5న ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాద్‌గారు ముఖ్యమంత్రి అయినారు. ఆంధ్రలో 31 ఓట్లతో చేజారినది కేరళలో 35 ఓట్లతో చేజిక్కినది. మధ్యనున్న తేడా నాలుగు ఓట్లు మాత్రమే కాదు. ఎదుటివారు కలిశారా లేదా అన్నది.

మన ఇంట్లోనే మరొక రుజువున్నది. 1962లో ఆంధ్ర ప్రదేశ్ ఎన్నికలలో కమ్యూనిస్టులకు వచ్చిన ఓట్లు నూటికి ఇరవైకి కాస్త లోపు. అయినా 300 స్థానాలలో 51 గెలిచారు. అప్పటికి తెలంగాణా కలిసినది. రంగాగారు కాంగ్రెసును విడిచి స్వతంత్ర పార్టీకి అధ్యక్షులైనారు. ఐక్య సంఘటన చెదిరినది. 1964లో కమ్యూనిస్టు పార్టీయే రెండుగా చీలినది. 1967లో ఒక పక్షానికి 11, మరొక పక్షానికి 9 మిగిలినవి. ఇతరుల చీలికతో లాభపడినవారు తమ చీలికతో నష్టపోవడం కూడా ఈ లెక్కలో భాగమే.

దూరదేశపు దృష్టాంతం

ఇది మన దేశపు వింత అనుకోనక్కరలేదు. మన పిల్లలలో కొందరు ఈనాడు సిడ్నీ, మెల్బోర్న్ నగరాలలో స్థిరపడ్డారు గనుక ఆస్ట్రేలియా సంగతి ఒకటి చెప్పుకోవచ్చు. మన ప్రకాశంగారి మంత్రివర్గం పడిపోయిన 1954లోనే, మే 29న అక్కడ ఎన్నికలు జరిగినవి. ప్రధాని మెన్జీస్, ప్రతిపక్ష నాయకుడు ఎవాట్. అక్కడ కూడా కమ్యూనిస్టు భయం వీధినపడినది. సోవియట్ రాయబార కార్యాలయంలోని పెట్రోవ్ అనే ఉద్యోగి ఎన్నికల ముందు ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వాన్ని ఆశ్రయించడంతో అది మరింత రగిలినది. ఓట్లు లెక్కించగా ఎవాట్‌గారి లేబర్ పార్టీకే ఎక్కువ వచ్చినవి. స్థానాలు మాత్రం 57. మెన్జీస్ కూటమికి 64. ఎక్కువ ఓట్లు వచ్చిన ప్రతిపక్ష నాయకుడు ప్రతిపక్షంలోనే మిగిలాడు.

ఆ దేశపు ఓటు పద్ధతి మనవంటిది కాదు. ఓటరు ఒక్క పేరుకు గుర్తు పెట్టి ఊరుకోడు, అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస వేస్తాడు. ఎవరికీ సగం రాకపోతే, అట్టడుగున ఉన్నవానిని తొలగించి, అతని ఓట్లను వాటిపై వేసిన తరువాతి వరుస ప్రకారం ఇతరులకు పంచుతారు. 1918లో ఈ పద్ధతి తెచ్చినది లేబర్‌కు ఎదురైన ఓట్లు చీలి వృథా కాకుండా ఉండాలనే. 1955లో పాటిల్‌గారు ఊరూరా తిరిగి కుదిర్చిన ఐక్యతను అక్కడ ఓటు కాగితమే కుదిర్చి పెడుతుంది. అదే 1955లో లేబర్ పార్టీ చీలినది. చీలిపోయిన వర్గం తన తరువాతి వరుసను మెన్జీస్ పక్షానికి ఇప్పించి, పాత పార్టీని ఏళ్ళతరబడి అధికారానికి దూరంగా ఉంచినది. ఎవాట్ మూడుసార్లు ఓడారు. 1949లో పోయిన అధికారం ఆ పార్టీకి 1972లో విట్లమ్ నాయకత్వాన గాని తిరిగి రాలేదు. ఓటు పద్ధతి ఏదైనా, చీలిన ఇంటికి చేటు తప్పలేదు.

మన ఊరి ముచ్చట

బెంగళూరులోని మనవారికి ఇంకొక ఎన్నిక మరపు రానిది. 1983 జనవరి 5న ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక రెండూ ఒకే రోజున ఓటు వేసినవి. అక్కడ 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన నందమూరి తారక రామారావుగారు తొమ్మిది నెలలుగా చైతన్యరథం మీద ఊళ్ళు చుడుతున్నారు. వేషం వేసినవాడికి ఓట్లు పడతవా అన్నవారు కొందరు. పొరుగున 1977లో ఎం. జి. రామచంద్రన్‌గారు గెలవలేదా అన్నవారు కొందరు. అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన కాంగ్రెసు మీద జనానికి విసుగు ఎంత ఉన్నదో ఎవరూ సరిగా తూకం వేయలేదు. 294 స్థానాలలో రెండువందలకు పైగా ఆయనకు వచ్చినవి. ఈసారి చీలికలతోను, కలయికలతోను పని లేకుండా ఓటే ఒకవైపు ఒరిగినది.

ఇక్కడ కర్ణాటకలో లెక్క వేరు. 224 స్థానాలలో జనతా పక్షానికి 95, కాంగ్రెసుకు 82, భారతీయ జనతా పార్టీకి 18. ఎవరికీ సగం రాలేదు. ఎన్నికలకు ముందు ఇక్కడి చర్చలలో కాబోయే ముఖ్యమంత్రిగా వినిపించిన పేర్లలో బంగారప్పగారిది ఒకటి. చివరకు జనవరి 10న ప్రమాణం చేసినది రామకృష్ణ హెగ్డేగారు. అప్పటికి ఆయన శాసనసభ్యుడైనా కారు. తరువాత కనకపుర ఉపఎన్నికలో గెలిచి సభకు వచ్చారు. ఆంధ్రలో నాయకుడు ముందు, గెలుపు తరువాత. కర్ణాటకలో గెలుపు ముందు, నాయకుడు తరువాత. ఒకే రోజున రెండు రాష్ట్రాలు రెండు పాఠాలు చెప్పినవి.

1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావుగారి ప్రభుత్వాన్ని తొలగించినప్పుడు, ఆయన పక్షాన నిలిచిన శాసనసభ్యులకు ఆశ్రయమిచ్చినది ఈ కర్ణాటకయే. వారు బెంగళూరుకు, నందికొండకు తరలివచ్చి ఉన్నారు. నెల రోజులకు, సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి అయినారు. తెలుగు రాజకీయం మన గుమ్మం దాకా నడిచి వచ్చిన రోజులు అవి.

1989లో అదే రామారావుగారు ఓడారు. 74 స్థానాలతో ప్రతిపక్ష నాయకుడైనారు. పోటీ చేసిన రెండు చోట్లలో హిందూపురం నిలిచినది, కల్వకుర్తి పోయినది. ఇక ఆయన పని అయిపోయినదని పందాలు కాసినవారికి కొదువ లేదు. 1994లో 216 స్థానాలతో తిరిగి వచ్చారు. కాంగ్రెసుకు మిగిలినవి 26. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటాన్ని గుర్తించి, మద్యనిషేధం తెస్తానని వాగ్దానం చేయడం ఆ గెలుపుకు ఒక కారణం. నలభై ఏళ్ళ క్రితం నిషేధాన్ని ఎత్తివేయలేదని ఒక ప్రభుత్వం పడిపోయిన నేలలోనే, నిషేధం తెస్తానన్న ప్రతిపక్ష నాయకుడు గద్దె ఎక్కారు. పాత లెక్కతో కొత్త ఎన్నికకు జోస్యం చెప్పేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఓడిన తరువాత

మేము 1955కు తిరిగి వస్తాము. మాకు ఆ కథలో అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఫలితం వచ్చిన తరువాతి భాగం. ముఖ్యమంత్రి అవుతారని లక్షల మంది నమ్మిన మనిషి పదిహేను మందితో సభలో కూర్చున్నారు. తిరిగి ఢిల్లీ వెళ్ళిపోలేదు. అంకెలు చేతపట్టుకుని నీటిపారుదల మీద, భూముల మీద, పద్దుల మీద ఏళ్ళతరబడి మాట్లాడారు. 1962లో మళ్ళీ గన్నవరంనుంచే గెలిచారు. ఆయన 1946లోనే 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' అని పుస్తకం రాశారు. విశాలాంధ్ర 1956 నవంబరు 1న వచ్చినది. తెచ్చినది ఆయన ప్రభుత్వం కాదు, దానికి మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారు. కోరినవాడు ప్రతిపక్షంలో ఉండగా కోరిక నెరవేరినది. ఆ రాష్ట్రం 2014 జూన్ 2న రెండైనది. అది వేరే చర్చ. సుందరయ్యగారు 1985 మే 19న కన్నుమూశారు. ముఖ్యమంత్రి కాలేదు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని విజ్ఞానకేంద్రం ఆయన పేరుతో నిలిచినది. అక్కడి పుస్తకాలు చదివేందుకు ఈనాటికీ విద్యార్థులు వస్తారు.

ఆనాడు ఆయన పార్టీకి ఓటు వేసిన 27 లక్షల మంది సంగతి కూడా ఆలోచించవలె. నూటికి 31 మంది మాటకు సభలో నూటికి ఎనిమిది గొంతులైనా లేవు. మిగిలిన 23 మంది మాట ఎవరు చెప్పవలె? ఆ పని పదిహేను మంది మీదనే పడినది. ఓడినవాడు అలిగి ఇంట్లో కూర్చుంటే, ఓడినది అతడు ఒక్కడే కాదు. గెలిచినవాడు సీట్లు చూసి విర్రవీగితే, తన వెనుక లేని ఓట్లను మరచిపోయినట్లే. ఈ రెండు ప్రమాదాలూ ఏ పార్టీకైనా, ఏ రాష్ట్రంలోనైనా వర్తిస్తవి.

కాబట్టి మన సంఘంలో ఈసారి ఎన్నికల చర్చ లేచినప్పుడు మేము కోరేది ఇది. ఫలానా నాయకుడు గెలుస్తాడా అని తప్పక వాదించుకుందాం. అది మనవారికి పండుగ వంటిది, దానిని మానుకోమని ఎవరు చెప్పినా వినరు. వాదించేటప్పుడు మాత్రం పోయినసారి వచ్చిన సీట్లతో పాటు ఓట్లు ఎన్ని అని అడుగుదాం. ఎదుటివారు కలిశారా, చీలారా అని చూద్దాం. చివరగా మరొక ప్రశ్న కూడా వేసుకుందాం. అతడు ఓడిపోతే మర్నాడు ఏమి చేస్తాడు? సభకు వస్తాడా, రాడా? మన ఊరి కాలువ సంగతి, బడి సంగతి అడుగుతాడా, అడగడా? పక్కన కూర్చుని వింటున్న మన పిల్లలు రేపు బెంగళూరులోనో, సిడ్నీలోనో తమ ఓటు తాము వేసుకోవలసినవారు. బావ, బావమరుదులు మాటలు మానుకోకుండా వాదించుకోగలరని వారు మననుంచి నేర్చుకుంటే అంతకంటె కావలసినది లేదు.

పాఠక మహాశయులకు, వారి కుటుంబాలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.